అడగని ఎనిమిది

డండీలో వాన, హిల్‌టౌన్ ఎత్తు మీంచి
టే నది వైపు ఏటవాలుగా దిగుతోంది.
నెట్టా లోరిమర్ గొడుగు విదిలించి
బిస్కెట్ల డబ్బా ఒకటి నా బల్ల మీద పెట్టింది.
లోపల రబ్బరు మీటల నల్ల కంప్యూటరు.
ఎనభై మూడులో, ఫ్యాక్టరీ గేటు దగ్గర
పనివాళ్ళ రేటుకి కొన్నది.
"బతికే ఉంది. సగమే గుర్తుంటోంది."

నేను బస్సుల మెకానిక్‌ని.
ఆదివారాలు మాత్రం ఇలాంటి చిన్న రోగులు.

టీవీ తెల్లబడింది. నీకు ఎక్కడిదాకా గుర్తు, అన్నాను మీటలతో.
ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు, అంది.
సరిగ్గా నట్టనడుమ ఆగి
ఆ పైన మేడే లేదంటోంది.

మేడ ఉంది. నలభై వేల నంబరు గదిలో
సున్నా దాచాను.
ఎనిమిది ఇచ్చింది.
డెబ్బై దాచాను. డెబ్బై ఎనిమిది.
అడగని వడ్డీ.
డెబ్బై తొమ్మిది దాస్తే మాత్రం డెబ్బై తొమ్మిదే,
దాని జేబులో ఎనిమిది ముందే ఉంది గనక.
పాడైనవాడు కూడా ప్రతిసారీ అబద్ధమాడడు,
అదే వీళ్ళతో చిక్కు.

ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది:
వరుసలో నాలుగో చిప్పు.
వేలు ఆనించి చూశాను. వేడి లేదు.
సొరుగులోంచి మంచి చిప్పు తీసి
పాతదాని వీపున ఉప్పుమూట ఎక్కించాను,
కాలికి కాలు తగిలేలా.
సున్నా.
ఎనిమిది.

నెట్టా టీ చల్లార్చుకుంటూ వంగి చూసింది.
"ఇవన్నీ సగం చచ్చిన చిప్పులే, తెలుసా?
అరవై నాలుగు వేల గదులతో పుట్టి, సగం కూలి,
మిగతా సగం కోసం చవగ్గా కొన్నవి.
ఏ సగం మంచిదో చెప్పేది ఇదిగో, ఈ తీగ ముక్క.
నా రెండో మొగుడు కూడా ఇదే సరుకు.
వాడికి తీగ ఎక్కడుందో ఎప్పుడూ దొరకలేదు."

నవ్వుతూనే బోర్డు తిరగేశాను.
మూలన పచ్చ చుక్క, పక్కన చెరిగిపోతున్న పదిహేడు.
ఆమె నవ్వు ఆపింది.
"పదిహేడు నేను."

భూతద్దం కింద వందల మెరుపులు,
వెండి వానచుక్కలు అతికినట్టు.
ఒక్కటి మాత్రం బూడిద రంగులో, మసకగా,
కాలి చుట్టూ వెంట్రుకంత పగులు.
నాలుగో చిప్పు కింద.
ఇంతసేపూ పిల్లను చంకలో పెట్టుకుని
ఊరంతా వెతికాను.
పైన ఎంతమంది ఉప్పుమూటెక్కితే ఏం,
కింద కాలు నేలకి ఆనకపోతే.

సోల్డరు కొన అందుకోబోయాను.
ఆమె చేయి ముందే చాచి ఉంది.
వేళ్ళు వణుకుతున్నాయి, టీ కప్పు దగ్గర కూడా వణికాయి.
కొన లోహాన్ని తాకాక వణకలేదు.
సన్నటి పొగ, పైన్ బంక వాసన.
కొన ఎత్తేసి, ఊపిరి బిగబట్టి,
పెదాలతో లెక్క:
ఒకటి. రెండు. మూడు.

"మూడు దాకా కదలకూడదు. కదిలితే మసకబారుతుంది.
సూపర్‌వైజరమ్మ రోజూ చెప్పేది.
ఆ రోజు రెండుకే కదిలుంటాను."

ఎందుకు, అని అడిగాను.

"శుక్రవారం. గేటు బయట ఎవరో
మోటారు సైకిలు హారన్ కొట్టారు."

రెండో ఆయనా?

"మొదటివాడు" అంది,
ప్లగ్గు తనే గుచ్చుతూ.

సున్నా. సున్నా.
డెబ్బై. డెబ్బై.
అరవై అయిదు వేల చిల్లర గదులూ తలుపులు తీశాయి,
అన్నీ ఖాళీ, అన్నీ సిద్ధం.
ఏదైనా దాచుకుంటావా, అన్నాను.
నెట్టా కాసేపు మీటల మీద వేళ్ళు పెట్టి
ఏమీ నొక్కలేదు.

"ఆపెయ్. కరెంటు దండగ."

బిస్కెట్ల డబ్బా మూత
మూడు మూలలే పడింది.
నాలుగో మూల మీద మోచెయ్యి వేసి నొక్కింది.